‘ముందు మీరు’ అనకండి, మాస్టారూ

ప్రశ్న: నా వయసు 61. పర్లాకిమిడిలో హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను. 26 ఏళ్లుగా కారు నడుపుతున్నాను. ఇటు పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, అటు తప్తపాణి ఘాట్ మీదుగా బరంపురం ఎన్నిసార్లు వెళ్లొచ్చానో లెక్కలేదు. బండికి ఒక్క గీత పడలేదు. పోయిన ఏడాది అమెరికాలో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. రెండో వారంలో కారు నా చేతికిచ్చాడు. వాళ్ల కాలనీలో నాలుగు రోడ్లు కలిసే చోట నేనే ముందు వచ్చి ఆగాను. కుడిపక్క రోడ్డు నుంచి ఒకావిడ వచ్చి ఆగింది. మర్యాదకి ‘ముందు మీరు వెళ్లండి’ అని చెయ్యి ఊపాను. ఆవిడ నన్ను వెళ్లమంది. ఇద్దరం ఒకేసారి కదిలాం, ఒకేసారి బ్రేకు తొక్కాం. వెనక బండివాడు హారన్ కొట్టాడు. ‘నాన్నా, మీకు నడపడం రాదు, తాళాలు ఇచ్చెయ్యండి’ అన్నాడు మావాడు. ఆ తర్వాత నాలుగు నెలలూ వెనక సీట్లో సామానులా కూర్చున్నాను. ఈ అక్టోబరులో మళ్లీ వెళ్తున్నాం. మనవరాలికి ఆరేళ్లు, స్కూలు రెండు మైళ్లు. దాన్ని నేనే దింపి రావాలని ఆశ. నడపనా, మానెయ్యనా?

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, నడపండి. అయితే దిగిన వారంలోనే వద్దు. అక్టోబరులో వెళ్తున్నారు కాబట్టి నవంబరు నెలాఖరుకి మనవరాలిని స్కూల్లో దింపుతారనుకుందాం. మధ్యలో ఈ ఆరేడు వారాలు ఏం చెయ్యాలో చెబుతాను.

ముందు మీ అబ్బాయి మాట సంగతి. వానాకాలంలో తప్తపాణి మలుపుల మీద కారు దింపిన మనిషికి నడపడం రాకపోవడమేమిటి? ఆ కంగారులో అలా అనేశాడు. మీకు రానిది అక్కడి రోడ్డు మాట్లాడే భాష. నేను బరంపురం నుంచి వెళ్లి టెక్సాస్‌లో తొమ్మిదేళ్లు కారు నడిపి తిరిగొచ్చినదాన్ని. మొదటి ఏడాదంతా ఆ భాష నాకూ రాలేదు.

మన దగ్గర బండికి నోరుంటుంది. హారన్ అంటే ‘వస్తున్నా, చూసుకో’ అని చెప్పడం. ఘాట్‌లో మలుపు ముందు హారన్ కొట్టనివాడే తప్పు చేసినవాడు. ఎదుటివాడు లైటు వేసి ఆర్పాడంటే ‘నేను ఆగను, నువ్వాగు’ అని. ముందున్న లారీ కుడి ఇండికేటర్ వేస్తే దానికి రెండర్థాలు: ‘నేను కుడికి తిరుగుతున్నా’ అని కావచ్చు, ‘ఎదురు ఖాళీగా ఉంది, దాటిపో’ అని కావచ్చు. అందులో ఏదో లారీ వేగం చూసి, క్లీనర్ చెయ్యి బయట ఊగుతోందా లేదా చూసి మీరు పట్టేస్తారు. ఇది మీకు ఎవరూ పాఠం చెప్పలేదు. 26 ఏళ్లలో చెవికీ కంటికీ ఎక్కింది.

అక్కడ ఇవే మాటలకి అర్థాలు వేరు. ఎదుటివాడు లైటు వేసి ఆర్పితే చాలాసార్లు ‘నువ్వెళ్లు’ అని. మన అర్థానికి సరిగ్గా తలకిందులు! ఇండికేటర్‌కి ఒకటే అర్థం, వేసినవాడు అటు జరగబోతున్నాడు. దాన్ని చూసి దాటబోతే నేరుగా వాడి తలుపులోకే వెళ్తారు. ఇక హారన్ అయితే తిట్టుతో సమానం. వెళ్లిన కొత్తలో ఒక కిరాణా షాపు పార్కింగ్‌లో ఒక పెద్దాయన కారు వెనక్కి తీస్తున్నాడు. వెనక నేనున్నానని తెలియడానికి చిన్నగా ఒక్కసారి హారన్ నొక్కాను. ఆయన బండి ఆపి, దిగి, నా అద్దం దగ్గరికి వచ్చి, ‘నేనేం తప్పు చేశానమ్మా?’ అని నిజంగానే అడిగాడు. ఏం చెప్పాలో తోచక సారీ చెప్పాను. ఆ తొమ్మిదేళ్లలో మళ్లీ పదిసార్లకి మించి హారన్ నొక్కి ఉండను.

ఇప్పుడు మీ నాలుగు రోడ్ల కూడలికి వస్తాను. మీ తగువంతా అక్కడే ఉంది. నాలుగు వైపులా ‘స్టాప్’ బోర్డులుండే కూడలిలో లెక్క చాలా చిన్నది. అందరూ చక్రం పూర్తిగా ఆగేలా ఆగాలి. ఎవరు ముందు వచ్చి ఆగారో వాళ్లు ముందు కదలాలి. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడిచేతి పక్కనున్న బండిది ముందు వంతు. అంతే. మీరు ముందు వచ్చారు, కాబట్టి వంతు మీది. ఆవిడ ఆ లెక్క ప్రకారమే మీకోసం ఆగింది. మీరు కదలకుండా చెయ్యి ఊపేసరికి ఆవిడకి లెక్క తప్పింది. మీ వెనకవాడికీ తప్పింది, వాడి తర్వాతి బండికీ తప్పింది. మన ఊళ్లో చెయ్యి ఊపి దారివ్వడం పెద్దరికం. అక్కడ తన వంతు రాగానే ఆలస్యం చెయ్యకుండా కదలడమే మర్యాద. మీది కాని వంతు తీసుకోవడం ఎంత తప్పో, మీ వంతు వదిలెయ్యడం దాదాపు అంత తప్పు. ఎందుకంటే అక్కడ అవతలి మనిషి మీ కళ్లలోకి చూడడు, మీరు ఏం చెయ్యాలో ముందే తెలుసనుకుని నడుపుతాడు.

ఇది మనకి బొత్తిగా కొత్త విషయమేమీ కాదు. ఘాట్ రోడ్డు ఇరుకైన చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. మన దేశంలో రాసిన నిబంధనే అది, చాలామంది డ్రైవర్లు పాటిస్తారు కూడా. అక్కడ మీరు ఎక్కుతూ మధ్యలో ఆగి ‘ముందు మీరు’ అంటారా? అనరు, వెనక్కి జారితే ఎవరికి నష్టమో మీకు తెలుసు. ఫ్రిస్కోలో ప్రతి కూడలీ అలాంటి ఇరుకు ఘాటే అనుకోండి. కరెంటు పోయి సిగ్నల్ దీపాలు ఆరిపోయినా టెక్సాస్‌లో ఇదే లెక్క: ఆ కూడలిని నాలుగు వైపులా స్టాప్ ఉన్నట్టే చూడాలి. మన బరంపురం గేట్ బజార్‌లో అయితే కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మీరు పర్లాకిమిడి మాస్టారు కాబట్టి ఒక మాట గుర్తుచేస్తాను. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్లోనే పాఠాలు చెప్పారు. పుస్తకాల్లో గ్రాంథికం ఒకటి, జనం నోట్లో వాడుక ఒకటి, రెండింటి మధ్య ఇంత దూరమేమిటని ఆయన జీవితమంతా పోరాడారు. రోడ్డుకీ ఈ రెండూ ఉంటాయి. టెక్సాస్ వాళ్ల డ్రైవర్ హ్యాండ్‌బుక్ గ్రాంథికం, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అక్కడి వాడుక వేరు: బోర్డు మీద గంటకి 70 మైళ్లుంటే జనం 75, 80లో పోతారు, స్టాప్ బోర్డు దగ్గర కొందరు చక్రం పూర్తిగా ఆగకుండానే జారిపోతారు, ఫోను చూస్తూ నడిపేవాళ్లకీ కొదవలేదు. అమెరికాలో అందరూ బుద్ధిమంతులే అనుకోకండి. కానీ కొత్తవాళ్లకి అక్కడి వాడుక జోలి వద్దు. ఇక్కడ పంతులుగారికి ఎదురు మాట్లాడుతున్నానేమో గానీ, పరాయి ఊరి రోడ్డు మీద మొదటి ఏడాది గ్రాంథికమే మాట్లాడాలి. యాస తర్వాత దానంతటదే వస్తుంది.

యాస ఎలా వస్తుందన్నది కూడా ఆయన దగ్గరే ఉంది. పంతులుగారు సవర భాష నేర్చుకున్నది సవరల మాట విని విని. నిఘంటువు ఆ తర్వాత వచ్చింది. మొదటి రెండు వారాలు మీరు వెనక సీట్లో కాకుండా ముందు సీట్లో, అంటే అక్కడి కుడి సీట్లో కూర్చోండి. అబ్బాయి నడుపుతుంటే మీరు పైకి చదవండి: ‘ముందు స్టాప్ బోర్డు, ఎడమ నుంచి బండి, అతను ముందొచ్చాడు, తర్వాత మనం.’ తెలుగులోనే చదవండి. మనవరాలికి భలే సరదాగా ఉంటుంది, తప్పు చెబితే అది దిద్దుతుంది కూడా. రెండు వారాలయ్యేసరికి మీ నోరు ముందు చెప్పి, అబ్బాయి కాలు తర్వాత బ్రేకు మీదికి వెళ్తుంది. అప్పుడు మీరు సిద్ధమైనట్టు.

ఇక చేతుల సంగతి, కాళ్ల సంగతి. స్టీరింగ్ ఎడమపక్క ఉంటుందని మీకు తెలుసు. తెలియంది ఏమిటంటే, 26 ఏళ్లుగా మీ కారు మీకు ఎడమవైపు విస్తరించి ఉంది, ఇప్పుడు కుడివైపు విస్తరిస్తుంది. ఒళ్లు పాత లెక్కలోనే కూర్చుంటుంది కాబట్టి, తెలియకుండానే కారు లేన్‌లో కుడికి జరిగిపోతుంది, కుడి చక్రాలు ఫుట్‌పాత్ అంచుకి రాసుకుంటాయి. దీనికి నాకు పనికొచ్చిన కొండగుర్తు ఒకటుంది: పసుపు గీత ఎప్పుడూ మీ ఎడమ భుజం పక్కనే ఉండాలి. ఎదురొచ్చే బండ్లని వేరుచేసే గీత అక్కడ పసుపు, ఒకే దిక్కున పోయే లేన్లని వేరుచేసే గీత తెలుపు. పసుపు మీ కుడిచేతికి కనిపించిందంటే మీరు ఎదురు దారిలో ఉన్నట్టే. కొన్ని పెద్ద రోడ్ల మధ్యలో రెండు పక్కలా పసుపు గీతలున్న లేన్ ఒకటుంటుంది. అది రెండు దిక్కుల వాళ్లూ ఎడమకి తిరగడానికి ఆగే చోటు, అందులో ప్రయాణం చెయ్యకూడదు.

ఎదురు దారిలోకి వెళ్లే ప్రమాదం ట్రాఫిక్‌లో కాదు, ఖాళీ రోడ్డు మీద. ముందు బండి ఉంటే దాని వెనకే పోతారు. తెల్లవారుజామున పెట్రోలు బంకులోంచి బయటికి వచ్చి ఎడమకి తిరిగేటప్పుడు ఎవరూ ఉండరు. అప్పుడు చేతులు పర్లాకిమిడి వెళ్లిపోతాయి. నేను రెండుసార్లు అలా వెళ్లాను. దేవుడి దయ, రెండుసార్లూ ఎదురుగా ఎవరూ లేరు. మీకు ఇంకో సంగతి కూడా ముందే చెబుతున్నాను: ఇండికేటర్ కాడ అక్కడ ఎడమచేతి పక్కన ఉంటుంది. కాబట్టి మొదటి వారం ప్రతి మలుపులోనూ మండుటెండలో మీ వైపర్లు తిరుగుతాయి. సిగ్గుపడకండి, డాలస్‌లో అందరికీ అలవాటే.

ఎర్ర సిగ్నల్ మీద కుడికి తిరగొచ్చన్నది మనవాళ్లని కంగారు పెట్టే ఇంకో విషయం. పూర్తిగా ఆగి, ఎడమనుంచి వచ్చేవాళ్లకీ నడిచేవాళ్లకీ దారిచ్చి, అప్పుడు తిరగొచ్చు, ‘ఎర్రలో తిరగకూడదు’ అన్న బోర్డు లేకపోతే. వెనకవాడు హారన్ కొట్టినా మీకు ధైర్యం చాలకపోతే ఆగే ఉండండి. తిరగొచ్చు అన్నారు గానీ, తిరిగి తీరాలని ఎవరూ అనలేదు. ఎడమకి తిరగడంలో మాత్రం జాగ్రత్త. గుండ్రటి పచ్చ దీపం వెలిగినా ఎదురొచ్చేవాళ్లదే ముందు వంతు. పచ్చ బాణం గుర్తు వెలిగితేనే దారి మీది.

ఫ్రీవే, అంటే సిగ్నళ్లు లేని పెద్ద హైవే, గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మీరు ఈ ట్రిప్పులో దాని మీదికి వెళ్లక్కర్లేదు. స్కూలు రెండు మైళ్లన్నారు, అంటే మూడు కిలోమీటర్ల పైచిలుకు. గల్లీ రోడ్లలోనే అయిపోతుంది. ఎప్పుడైనా వెళ్లాల్సి వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: మనం 16వ నంబరు హైవే ఎక్కేటప్పుడు అంచున ఆగి, చూసి, ఎక్కుతాం. అక్కడ ఎక్కుడు దారిలో ఆగకూడదు, అప్పటికే పోతున్న బండ్ల వేగం అందుకుని కలవాలి. గంటకి 70 మైళ్లంటే దాదాపు 113 కిలోమీటర్లు. అక్కడ నెమ్మదిగా వెళ్లేవాడు జాగ్రత్తపరుడు కాడు, అందరికీ అడ్డం.

స్కూలు దారి కాబట్టి ఆ దారి సంగతే వివరంగా చెబుతాను. పసుపు స్కూలు బస్సు పసుపు దీపాలు వెలిగి ఆరుతుంటే ఆగబోతోందని అర్థం. ఎర్ర దీపాలు వెలిగి, పక్కనుంచి స్టాప్ బోర్డు చెయ్యిలా చాచుకుందంటే మీరు కదలకూడదు. వెనకున్నవాళ్లే కాదు, ఎదురొచ్చేవాళ్లు కూడా ఆగాలి. రెండు దిక్కుల మధ్య డివైడర్ ఉంటే మాత్రం ఎదురొచ్చేవాళ్లు ఆగక్కర్లేదు. పిల్ల దిగి రోడ్డు దాటుతుందని ఈ నియమం. టెక్సాస్‌లో ఆగిన స్కూలు బస్సుని దాటితే మొదటిసారికే జరిమానా 500 నుంచి 1,250 డాలర్లు. స్కూలు దగ్గర బోర్డు మీద దీపాలు మెరుస్తుంటే అక్కడ రాసిన వేగం దాటకూడదు, చాలాచోట్ల 20 మైళ్లే ఉంటుంది, చేతిలో ఫోను కనిపించకూడదు. స్కూలు గేటు ముందు కార్ల వరస ఉంటుంది. మన పెళ్లి భోజనాల బంతిలా నెమ్మదిగా కదులుతుంది. పక్కనుంచి ముందుకెళ్లి ‘ఒక్క నిమిషం, పాపని దింపి వెళ్తా’ అనడానికి లేదు. మీ అబ్బాయికి స్కూలువాళ్లు పేరు రాసిన కార్డేదైనా ఇచ్చి ఉంటే అది అద్దం దగ్గర పెట్టండి.

పాప ముందు సీట్లో గానీ, నాయనమ్మ ఒళ్లో గానీ కూర్చోకూడదు. టెక్సాస్‌లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి, నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు దాటితే తప్ప, పిల్లల సీటు తప్పనిసరి. ఆ సీటు బెల్టు పెట్టడం తియ్యడం ముందే నేర్చుకోండి. నా వేళ్లకి అది కారు నడపడం కంటే కష్టమైంది.

పోలీసు బండి మీ వెనక ఎర్ర, నీలం దీపాలు వేస్తే? మన దగ్గర ఆపి, దిగి, కాగితాలు పట్టుకుని అయ్యగారి దగ్గరికి వెళ్తాం. నేను సరిగ్గా అదే చేశాను. తలుపు తీసి ఒక కాలు కింద పెట్టానో లేదో, వెనక నుంచి మైకులో అరుపు: ‘కార్లోకి వెళ్లు!’ నా గుండె ఆగినంత పనైంది. కారు దిగి తనవైపు వచ్చేవాణ్ని అక్కడి పోలీసు గౌరవిస్తున్నాడనుకోడు, మీద పడుతున్నాడనుకుంటాడు. కుడి ఇండికేటర్ వేసి, రోడ్డు కుడి అంచున ఆపి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టి కూర్చోండి. లైసెన్స్ అడిగాక, ‘జేబులో ఉంది, తీస్తున్నాను’ అని చెప్పి తియ్యండి. ‘టీ ఖర్చులకి’ అన్న మాట తలపుల్లోకి కూడా రానివ్వకండి, జరిమానాతో పోయేది జైలు దాకా వెళ్తుంది. అంబులెన్స్ వస్తే కూడా అంతే, కుడి అంచుకి జరిగి ఆగడం.

మీ అబ్బాయి గురించి ఒక మాట. అతను తాళాలు లాక్కున్నది మిమ్మల్ని చిన్నబుచ్చడానికి కాకపోవచ్చు. ఆ కారు ఇన్సూరెన్స్‌లో మీ పేరు ఉందో లేదో అడిగి చూడండి. టెక్సాస్‌లో ప్రతి కారుకీ అవతలివాళ్ల నష్టానికి కనీసం ఇంత ఇన్సూరెన్స్ ఉండాలని ఉంటుంది: ఒక మనిషి గాయానికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో గాయాలన్నిటికీ కలిపి 60,000, అవతలివాళ్ల ఆస్తికి 25,000. అది కనీసం మాత్రమే. అక్కడి ఆసుపత్రి బిల్లుకి అది చాలదని అతనికి తెలుసు. మీ కోసం మీరు తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్స్ మీ జ్వరానికి పనికొస్తుంది గానీ, మీరు గుద్దిన కారుకి కాదు. కాబట్టి వెళ్లకముందే అబ్బాయిని ఏజెంటుతో మాట్లాడించి, మీరు నడిపితే వర్తిస్తుందో లేదో కాగితం మీద రాయించుకోమనండి. ఈ మాట మీ అంతట మీరే అడిగితే, ఆ తాళాల గొడవ సగం అక్కడే తీరిపోతుందని నా అనుమానం.

నేర్పించే పని మాత్రం అతనికి పెట్టకండి. కొడుకు పక్కన కూర్చుని తండ్రికి నేర్పితే ఇద్దరికీ బీపీ. డబ్బు పోతే పోయింది, డ్రైవింగ్ స్కూలు వాళ్లని రెండు గంటలు పెట్టుకోండి. వాళ్ల కారుకి పక్క సీట్లో కూడా బ్రేకు ఉంటుంది. ముక్కూ మొహం తెలియని మనిషి ‘ఆగండి’ అంటే మనకి కోపం రాదు. నలభై ఏళ్లు క్లాసులో పక్కవాళ్లని దిద్దిన మాస్టర్లకి దిద్దించుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, మా నాన్నగారూ మాస్టారే.

కాగితాలు తేల్చేద్దాం. మీ లైసెన్స్ గడువు చూసుకోండి. 55 దాటాక రెన్యువల్ అయిదేళ్లకే ఇస్తారు, మీరు అక్కడుండగా అయిపోతే ఇబ్బంది. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేయించుకోవచ్చు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకోండి, మీ ఆర్టీఓ ఆఫీసు ఊళ్లోనే ఉంది కదా, పాస్‌పోర్టు, వీసా చూపించాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు 1,000 రూపాయలు. ఏడాదే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా తీసుకోకండి. అసలు లైసెన్స్ పక్కన లేకుండా ఆ పర్మిట్ ఒక్కటీ చెల్లదు, రెండూ జేబులో ఉండాలి.

ఇంకో చిన్న విషయం, కారుకి సంబంధం లేనిది. పొద్దున్న వాకింగ్‌కి వెళ్తారు కదా, రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకి చూడండి. మన మెడ అలవాటుగా కుడికి తిరుగుతుంది, బండి ఎడమనుంచి వస్తుంది.

సరే, నవంబరు సంగతి. డ్రైవింగ్ స్కూలు మనిషి సరేనన్నాక, ఆదివారం పొద్దున్న ఏడింటికి, వీధులు ఖాళీగా ఉన్నప్పుడు, ఇంటి నుంచి స్కూలుకి, స్కూలు నుంచి ఇంటికి వెళ్లి రండి. వేరే దారి వద్దు, షార్ట్‌కట్ వద్దు. అబ్బాయి పక్కన కూర్చోవాలి, నోరు మూసుకుని. తర్వాత మామూలు రోజు మధ్యాహ్నం, తర్వాత స్కూలు టైములో. మొత్తం పదిసార్లు. ఆ పదిసార్లూ వెనక పాప సీటు ఖాళీగానే ఉండనివ్వండి. పదకొండోసారి పాపని ఎక్కించుకోనా అని మీరు అడగకండి, అతనే తెచ్చి కూర్చోబెడతాడు. కూర్చోబెట్టకపోతే మళ్లీ నాకు రాయండి, ఈసారి ఉత్తరం అతని పేరున రాస్తాను.